చీటీ రాసేవాళ్ళు, మందిచ్చేవాళ్ళు

తెలంగాణ పల్లెల్లో 'ఆర్‌ఎంపీ' అన్న మూడక్షరాలకి రెండు అర్థాలున్నాయి. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో ఆ మాటకి అర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. అంటే వైద్యం చదివి, ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరెక్కిన డాక్టరు. ఊళ్ళో మాత్రం దీనికి సరిగ్గా తలకిందులైన అర్థం. ఏ పట్టా లేకుండా, ఒకప్పుడు ఏ డాక్టరు దగ్గరో పనిచేసి నేర్చుకున్న అనుభవంతో, బండికి మందుల సంచి తగిలించుకుని ఇంటికొచ్చి సూది వేసి పోయే మనిషి. చట్టం లెక్కలో మందుల చీటీ రాయగలిగింది మొదటి ఆర్‌ఎంపీ ఒక్కరే. రాత్రి పదింటికి పిల్లకి జ్వరమొస్తే తలుపు తీసేది రెండో ఆర్‌ఎంపీ. ఈ రెండు అర్థాల నడుమ ఉన్న ఖాళీలోనే మన మెడికల్ షాపు నిలబడి ఉంది.

ఇది రాస్తున్నంతసేపూ నా మనసులో ఉన్న ఊరు తిమ్మాజిపేట. జడ్చర్ల నుంచి నాగర్‌కర్నూల్ పోయే దారిలో ఒక మండల కేంద్రం. నిజాం కాలం నుంచీ మహబూబ్‌నగర్ జిల్లా కిందే ఉండి, 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లాలోకి మారింది. ఇలాంటి ఊరి మందుల షాపు ముందు ఓ పది నిమిషాలు నిలబడండి. "అన్నా, పెయ్యి కాలుతుంది, రెండు పూటలకి గోలీలియ్యి" అని ఒకరంటారు. "దగ్గుందా? పిల్లకా, పెద్దోళ్ళకా?" అని అటునుంచి అడుగుతారు. కత్తెర ఆడుతుంది. నాలుగు మాత్రలు పొట్లంలోకి పోతాయి. "చీటీ ఉందా?" అన్న ప్రశ్న మాత్రం చాలా అరుదుగా వినిపిస్తుంది. చట్టం ఆ షాపుని అన్నిటికన్నా ముందు అడగమన్న ప్రశ్న అదే. అది ఎందుకు పుట్టింది, ఇక్కడిదాకా వచ్చేసరికి ఎందుకు మూగబోయింది అన్నదే ఈ వ్యాసం.

*

రోగాన్ని చూసేవాడు వేరు, మందిచ్చేవాడు వేరు కావాలన్నది చాలా పాత ఆలోచన. ఐరోపాలో 13వ శతాబ్దంలోనే, సిసిలీని ఏలిన రెండో ఫ్రెడరిక్ వైద్యుడు మందుల దుకాణం పెట్టకూడదని, దుకాణదారుతో వాటా కలపకూడదని శాసనం చేశాడు. మందు రాసేవాడికి దాని అమ్మకం మీద లాభముంటే అవసరం లేని మందు కూడా రాస్తాడు. మందు అమ్మేవాడే రోగాన్ని నిర్ణయిస్తే తన దగ్గరున్న సరుకే రోగానికి విరుగుడు అవుతుంది. అందుకని ఒక మందు వెనక ఇద్దరు మనుషులుండాలి, ఒకరి పనిని ఇంకొకరు చూడాలి. చీటీ అంటే మందు కొనడానికి అనుమతి పత్రం అనుకుంటాం. నిజానికది ఇద్దరు బాధ్యుల మధ్య నడిచే ఉత్తరం.

మన దగ్గర ఆయుర్వేద వైద్యుడు చాలావరకు తన మందు తనే నూరుకునేవాడు. హైదరాబాద్ వంటి చోట్ల హకీము నుస్ఖా రాస్తే, అది పట్టుకుని అత్తారు దుకాణానికి పోయే పద్ధతి కూడా ఉండేది. ఇంగ్లీషు వైద్యంతో వచ్చిన కొత్త మనిషి కాంపౌండరు. పాత కథల్లో, సినిమాల్లో మనం చూసే మనిషే. ఒక గదిలో డాక్టరు, పక్క గదిలో రంగురంగుల సీసాల మధ్య కాంపౌండరు. సీసాకి ఒక పక్కన పంటిగాట్లలా కత్తిరించిన కాగితం ముక్క అతికించి, పూటకో గాటు తాగమనేవాడు. పేరుకి ఇద్దరున్నారు గానీ కాంపౌండరు డాక్టరు కింద జీతగాడు. అతను ఏం చదవాలో, ఎవరికి జవాబుదారో చెప్పే కేంద్ర చట్టమంటూ ఏదీ లేదు.

20వ శతాబ్దపు మొదటి పాతికేళ్ళలో విదేశాల నుంచి మందులు కుప్పలుగా దిగాయి. వాటిలో నకిలీవీ, కల్తీవీ, సత్తువ లేనివీ బోలెడు. మలేరియా దేశమంతా ఉన్న రోజుల్లో క్వినైన్‌లోనే కల్తీ అంటే ఊహించుకోండి. గొడవ చట్టసభ దాకా పోయింది. 1930లో ప్రభుత్వం కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ ప్రొఫెసరు కర్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన విచారణ సంఘం వేసింది. 1931లో వచ్చిన ఆ నివేదిక రెండు పనులు చెయ్యమంది: మందు మీద ఒక చట్టం, మందిచ్చే మనిషి మీద ఇంకో చట్టం. రెండూ వెంటనే రాలేదు. మందు మీది చట్టం 1940లో వచ్చింది, దాని నిబంధనలు 1945లో. మందిచ్చే మనిషి మీది ఫార్మసీ చట్టం 1948లో. ఈలోగా 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ పూనికతో ఫార్మసీ చదువు మొదలైంది.

తిమ్మాజిపేటకి ఆ 1940 చట్టం వర్తించలేదు. ఈ ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యం. బ్రిటిషిండియా శాసనసభ చేసిన చట్టం ఇక్కడ చెల్లదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. 1951లో పార్లమెంటు ఒకే చట్టంతో ఎన్నో కేంద్ర చట్టాలని హైదరాబాద్ వంటి 'బి' తరగతి రాష్ట్రాలకి విస్తరించినప్పుడు డ్రగ్స్ చట్టం కూడా వాటితో పాటు ఇక్కడికి వచ్చింది. అదే 1951లో అమెరికాలో ఇంకో సంగతి జరిగింది. మందులషాపు నడిపిన అనుభవమున్న ఇద్దరు ప్రజాప్రతినిధులు, కార్ల్ డర్హామ్, హ్యూబర్ట్ హంఫ్రీ, తెచ్చిన సవరణతో చీటీ మీదే ఇవ్వాల్సిన మందులేవో, చీటీ లేకుండా ఇవ్వదగ్గవేవో అక్కడ మొదటిసారి చట్టంలో స్పష్టంగా విడదీశారు. పేరుకి రెండు చోట్లా అదే ఏడు, అదే ఆలోచన. కానీ అక్కడ చీటీ రాసేవాళ్ళూ, దాన్ని చదివి మందిచ్చేవాళ్ళూ అప్పటికే ఊరూరా ఉన్నారు. ఇక్కడ ముందు నియమం వచ్చింది. మనుషులు రావలసి ఉంది.

*

ఆ నియమాల్లో ముఖ్యమైంది 65వది. నేను దాన్ని మొదటిసారి పూర్తిగా చదివినప్పుడు ఆశ్చర్యపోయింది అందులోని కాఠిన్యానికి కాదు, సూక్ష్మతకి. షెడ్యూల్ హెచ్ మందులు, అంటే యాంటీబయాటిక్స్, గుండె మందులు, హార్మోన్లు వంటివి, చీటీ మీదే అమ్మాలి. ఆ చీటీ మీద డాక్టరు సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, ఎంత మందు, ఏ మోతాదు అన్నీ ఉండాలి. మళ్ళీ ఇవ్వొచ్చని డాక్టరు రాస్తే తప్ప ఒకే చీటీ మీద రెండోసారి ఇవ్వకూడదు. చీటీ మీది మందుని రిజిస్టర్డ్ ఫార్మసిస్టు తన చేతుల మీదుగా గానీ, స్వయంగా దగ్గరుండి గానీ ఇప్పించాలి. ఇంకో నియమం మనలో చాలామందికి తెలియదు. డాక్టరు ఒక కంపెనీ మందు రాస్తే, అందులో ఉన్న ఔషధం అదే అయినా సరే, షెడ్యూల్ హెచ్ విషయంలో ఇంకో కంపెనీది ఇవ్వకూడదు. "ఇది లేదు, సేమ్ కంపోజిషన్, ఇది తీస్కో" అన్న మాట మనం వారానికోసారి వింటాం. నిబంధన ప్రకారం ఆ మాట చెల్లదు. మందుల అసలు పేర్లు రాయమని డాక్టర్లకి మెడికల్ కౌన్సిల్ 2016లో చెప్పింది. కొత్త మెడికల్ కమిషన్ 2023 ఆగస్టులో దాన్నే ఇంకా గట్టిగా చెప్పి, ఆ నెల తిరక్కముందే పక్కన పెట్టింది. దాంతో బ్రాండు పేరే చీటీ మీద రాజ్యమేలుతోంది. చవకైన మందు చేతికందే దూరంలో ఉన్నా దాన్ని ఇచ్చే అధికారం ఫార్మసిస్టుకి లేదు.

దుకాణం పేరు దగ్గర కూడా పట్టింపు ఉంది. ఫార్మసిస్టు అవసరం లేని సరుకు అమ్మేది డ్రగ్‌స్టోర్. ఫార్మసిస్టు ఉండి, తయారైన మందులు మాత్రమే అమ్మేది కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్. చీటీ చూసి మందు కలిపి ఇచ్చే ఏర్పాటున్న చోటే ఫార్మసీ. అక్షరాలా చదివితే, నగరంలో వీధికొకటి వెలిగే 'ఫార్మసీ' బోర్డుల్లో ఎన్ని నిలుస్తాయి? మన భాషలో నిలిచిన పేరు ఈ మూడింట్లో ఏదీ కాదు. మెడికల్ షాపు. పల్లెల్లో ఇంకా క్లుప్తంగా 'మెడికల్'. "మెడికల్ల అడుగు, చెప్తడు" అంటారు. ఆ వాక్యంలో మందు అమ్మకం లేదు, సలహా ఉంది.

ఫార్మసీ చట్టం మొదటి రిజిస్టరు రాసేటప్పుడు పాత కాంపౌండర్లని మరిచిపోలేదు. ఆసుపత్రుల్లో, డిస్పెన్సరీల్లో అయిదేళ్ళు మందులు కలిపిన అనుభవమున్నవాళ్ళని కూడా ఎక్కించుకునే దారి ఉంచింది. ఆ తర్వాత చదువుంటేనే ప్రవేశం. చీటీ మీద మందివ్వడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టుకే పరిమితం అన్న 42వ సెక్షను మాత్రం రాష్ట్రాలు సిద్ధం కాకపోవడంతో వాయిదాలు పడింది. 1976 సవరణతో మొదలైన గడువు 1984 సెప్టెంబరులో ముగిసి, ఆ తర్వాత సాకులు లేకుండా పోయాయి. స్వతంత్రం వచ్చిన ఏడాదికి చేసిన నియమం అమలుకి 36 ఏళ్ళు. ఈ 36 ఏళ్ళలో రంగునీళ్ళ సీసా పోయింది, రేకు మాత్ర వచ్చింది. మందు కలపడానికి చదువు కావాలని అందరూ ఒప్పుకుంటారు. రేకు కత్తిరించడానికి చదువెందుకన్న ప్రశ్న సరిగ్గా ఆ నియమం వచ్చేనాటికే పుట్టింది. దానికి జవాబుగా సర్టిఫికెట్ అద్దె అన్న వ్యాపారం పుట్టింది. గోడ మీద అద్దాల చట్రంలో ఫార్మసిస్టు పట్టా ఉంటుంది. ఫార్మసిస్టు వేరే ఊళ్ళో వేరే ఉద్యోగం చేస్తుంటాడు. ఇద్దరుండాల్సిన చోట, గోడ మీది ఫోటోతో కలిపి ఒకటిన్నర మంది ఉంటారు.

*

పల్లె సంగతి చట్టానికి అసలు తెలియదనలేం. నిబంధనల చివర షెడ్యూల్ కె అని మినహాయింపుల జాబితా ఉంది. దాని 13వ పద్దు నాకు చాలా ఇష్టం. ఇంటి మందులు కొన్నిటిని లైసెన్సు లేకుండా అమ్ముకోవచ్చంటుంది: ఆస్పిరిన్, పారాసిటమాల్, తలనొప్పి బాములు, గ్రైప్ వాటర్, దగ్గు బిళ్ళలు, ఆముదం, యూకలిప్టస్ నూనె, టింక్చర్ అయోడిన్, దూది, కట్టు గుడ్డ, క్వినైన్ మాత్రలు. చదువుతుంటే ఎవరో నానమ్మ ట్రంకుపెట్టె తెరిచినట్టుంటుంది. ముఖ్యమైన షరతు ఒకటుంది. ఆ ఊరి జనాభా వెయ్యికి మించకూడదు. వెయ్యి దాటితే ఊరికి డాక్టరో, కెమిస్టో ఉంటారన్న నమ్మకం ఆ సంఖ్యలో ఉంది. తిమ్మాజిపేట వెయ్యి దాటి చాలా కాలమైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఒకటి 30,000 మందికి అన్నది దేశానికి పెట్టుకున్న కొలమానం. వెయ్యికీ ముప్పైవేలకీ మధ్య ఉన్న జనం, సాయంత్రం ఆరు తర్వాత, ఎక్కడికి పోవాలి? మినహాయింపుకి పెద్దది, డాక్టరుకి చిన్నది అయిన ఊళ్ళలోనే రెండో ఆర్‌ఎంపీ పుట్టాడు. ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇలాంటివాళ్ళకి శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లు ఇచ్చే పని తలపెట్టింది కూడా. వాళ్ళు లేకపోతే ఊరు గడవదని ప్రభుత్వమే ఒప్పుకున్న సందర్భమది. దానర్థం వాళ్ళు చీటీ రాయొచ్చని కాదు.

చీటీ అక్కర్లేని దారి ఇంకోటి మనకి ముందునుంచీ ఉంది. 1920లో హైదరాబాద్‌లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన జిందా తిలిస్మాత్ ఈనాటికీ కిరాణా కొట్లో పప్పు, ఉప్పుల పక్కన దొరుకుతుంది. యునానీ, ఆయుర్వేద మందుల తయారీకి లైసెన్సు కావాలి గానీ అమ్మకానికి అక్కర్లేదు. అంతకుముందు 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ లాభాలతోనే 1908లో ఆంధ్రపత్రిక వచ్చింది. తెలుగు పత్రికా చరిత్రలో ఒక పెద్ద అధ్యాయానికి పెట్టుబడి చీటీ లేకుండా కొనే మందు నుంచి వచ్చిందన్నమాట. కాబట్టి సొంతంగా మందు కొనుక్కోవడాన్ని ఊళ్ళవాళ్ళ అజ్ఞానంగా చూసే చూపుతో నాకు పేచీ ఉంది. అది ఒక అలవాటు, చాలాసార్లు సరైన అలవాటే. చిక్కల్లా బాముకి పనికొచ్చే అలవాటుని యాంటీబయాటిక్‌కి కూడా వర్తింపజేయడం.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలకి నాయకత్వం వహిస్తున్నప్పుడే ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందది. ఆయన చనిపోయిన 1948వ సంవత్సరమే ఇక్కడ ఫార్మసీ చట్టం వచ్చింది. ఆ జాతి మందులు పూర్తి మోతాదులో వాడితే ప్రాణం పోస్తాయి. సగంలో ఆపితే, చావని క్రిములని మిగిల్చి వాటికి పాఠం నేర్పి పోతాయి. రెండు పూటల పొట్లంలో ఉన్న ప్రమాదం అదీ. ఆ పొట్లం మీద మందు పేరుండదు. రేకు మీద హెచ్చరిక ఉంటుంది గానీ, అది ఇంగ్లీషులో ఉంటుంది. పైగా కత్తెర పడేటప్పుడు చాలాసార్లు అది షాపులోనే మిగిలిపోతుంది.

*

2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లోకి వచ్చింది. మొదట 46 మందులు: గట్టి యాంటీబయాటిక్స్, నిద్రమాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పి మందులు, క్షయ మందులు. వీటికి చీటీ చాలదు, రిజిస్టరు కూడా కావాలి. రాసిన డాక్టరు, తీసుకున్న రోగి, ఎంత ఇచ్చారు అన్నది రాసి మూడేళ్ళు దాచాలి. 2018 నుంచి, క్షయ మందులు అమ్మిన షాపు ఆ సంగతి ప్రభుత్వానికి తెలపాలి కూడా.

క్షయ మందులు ఈ జాబితాలో ఎందుకున్నాయో పాలమూరుకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ మట్టి నుంచి గుంపు మేస్త్రీల వెంట కాలువలు తవ్వడానికి, ఆనకట్టలు కట్టడానికి దేశమంతా పోయిన జనం 'పాలమూరు లేబర్' అన్న పేరు తెచ్చుకున్నారు. ఆరు నెలలు మందు మింగాల్సిన మనిషి మూడో నెల ముంబై బస్సెక్కితే, అతని వైద్యాన్ని అతనితో పాటు తీసుకుపోగలిగింది ఆ చీటీ ఒక్కటే. ఏ మందు, ఎన్ని రోజులు వాడాడు, ఇంకెన్ని రోజులు మిగిలింది? పేరు లేని పొట్లంతో వెళ్ళినవాడు అక్కడ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, లేదా మొత్తానికే మానెయ్యాలి. చీటీ చదువుకున్నవాళ్ళ లాంఛనం అనుకుంటాం గానీ, అది అందరికన్నా ఎక్కువ అక్కరకొచ్చేది ఒకచోట నిలవలేని మనిషికి.

రిజిస్టరు ఇంకోలా కూడా పనిచేస్తుందని 2020 చూపించింది. ఆ ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ జ్వరం, దగ్గు, జలుబులకి మందు కొన్నవాళ్ళ పేరు, ఫోన్ నంబరు రాసి పంపమని షాపులకి చెప్పాయి. చీటీ అక్కర్లేని పారాసిటమాల్‌కి ఒక్కసారిగా రిజిస్టరు వచ్చింది. జబ్బు పడ్డ మనిషి మొదట పోయేది ఆసుపత్రికి కాదు, మెడికల్‌కి అని ప్రభుత్వానికి తెలుసన్నమాట. అవసరం తీరగానే మరిచిపోయింది. ఆ షాపుని నిఘాకి వాడుకోవాలని తోచినప్పుడు, వైద్యానికి వాడుకోవాలని ఎందుకు తోచలేదన్నది నా ప్రశ్న.

తిమ్మాజిపేటకి దగ్గర్లోనే, జడ్చర్ల పక్కన, పోలేపల్లి ఫార్మా సెజ్ ఉంది. అక్కడ తయారయ్యే మాత్రలు అమెరికా మార్కెట్‌కి పోతాయి. అక్కడి ఫార్మసిస్టు వాటిని చిన్న డబ్బాలో పోసి, దాని మీద రోగి పేరు, మోతాదు, డాక్టరు పేరు అంటించి, ఎలా వాడాలో చెప్పి ఇస్తాడు. ఆ దేశంలో ఉన్న మనవాళ్ళు మాత్రం ఇండియా నుంచి తిరిగెళ్తూ సూట్‌కేసులో యాంటీబయాటిక్ రేకులు పెట్టుకుపోతారు. చదువూ డబ్బూ ఉన్నా అలవాటు అదే. నగరంలో మనం ఆప్‌లో మందులు తెప్పించుకుంటాం. ఆన్‌లైన్ అమ్మకాలకి నియమాల ముసాయిదా 2018 ఆగస్టులో వచ్చింది, అది ముసాయిదాగానే ఉండిపోయింది. చీటీ ఫోటో ఎవరు చూశారో, అసలు చూశారో లేదో మనకి తెలియదు. పొట్లం కట్టిన మనిషికి కనీసం మన ముఖం తెలుసు.

ఈమధ్య తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు ఆర్‌ఎంపీల క్లినిక్కుల మీద, చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మే షాపుల మీద దాడులు పెంచారు. కేరళ 2024లో ఆపరేషన్ అమృత్ పేరుతో ఇలాంటి పనే చేసింది. ఇవి అవసరమే. కానీ దాడి చేస్తే ఒక మనిషి తగ్గుతాడు. నియమం అడిగింది ఒక మనిషి పెరగాలని. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు ఫార్మసిస్టు రోగితో మాట్లాడాలి, మందు గురించి వివరించాలి అన్నాయి. ఆ పని చేయగల డి.ఫార్మసీ, బి.ఫార్మసీ పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో ఏటా వేలల్లో బయటికొస్తున్నారు. వాళ్ళ పట్టాని గోడకి అద్దెకిచ్చే బదులు వాళ్ళనే జీతమిచ్చి కౌంటరు దగ్గర నిలబెట్టడం, ఆరోగ్య కేంద్రం డాక్టరుతో రాత్రిపూట ఫోన్లో మాట్లాడి నమోదు చేసుకునే వీలివ్వడం, రేకుల మీద హెచ్చరిక తెలుగులో వేయించడం అంత అసాధ్యమేమీ కాదు. అప్పుడు "చీటీ ఉందా?" అన్నది తిప్పి పంపే ప్రశ్న కాకుండా పోతుంది. లేదంటే, "కూచో అమ్మా, సార్‌ని అడిగి చెప్తా" అనే మనిషి అక్కడ ఉంటాడు.